నడిమి పొర

జొన్నరొట్టెలు కొడుతుంటే నా పుట్టిల్లు బోథ్ నుంచి తమ్ముని భార్య సరళ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. తమ్ముడు జగన్‌కు ఒంట్లో రక్తం పుట్టడం ఆగిపోయిందట. తోడబుట్టినవాళ్ళ ఎముకల్లోని మూలుగ ఎక్కిస్తేనే బతుకుతాడన్నారట. తోడబుట్టింది నేనొక్కదాన్నే.

"ఒక్క కడుపున పుట్టిన్రు వదినా. నీ బొక్కలల్ల మూలుగే ఆయనకు దిక్కు."

ఒక్క కడుపు. పెండ్లయిన కొత్తలో, అరవై తొమ్మిదిలో, వాచిన చెంపతో కరీంనగర్‌లోని అత్తింటి నుంచి పుట్టింటికి పోతే బాపు గడప దాటనివ్వలేదు. "గోత్రం మారింది బిడ్డా. నీ రక్తం, నీ బొక్క ఇప్పుడు గా ఇంటియి" అని వెనక్కి పంపించాడు. తమ్ముడు పక్కనే నిలబడి నేల చూశాడు. ఇప్పుడు బాపు మాటనే మా ఆయన పట్టుకున్నారు. "నా ఇంటి మనిషి బొక్కలల్ల సూది గుచ్చుతరా? నువ్వు పండుకుంటె వంట ఎవరు చెయ్యాలె?"

నాకు సూదంటే భయం. తమ్ముడు పోతాడంటే ఇంకా భయం. భయమేస్తే ఏదో ఒకటి చదువుతాను. బిడ్డ నర్మద ఇంటర్ జంతుశాస్త్రం పుస్తకం తెరిచాను. కడుపులో పిండం మూడు పొరలవుతుందట. నడిమి పొరలో కొన్ని కణాలు పక్కదాన్ని విడిచి, పుట్టినచోటు వదిలి పోతాయట. ఆగినచోట బొక్కో, కండో, కొవ్వో అవుతాయట. కొన్ని ఏమీ కాకుండా మూలుగలోనే ఉండిపోయి, రక్తం పుట్టే చోటుకు కాపుంటాయని ఇప్పుడిప్పుడే అంటున్నారట. అది నర్మద తన లెక్చరర్‌ను అడిగి వచ్చి చెప్పింది. పోయినవాటినే తలుచుకుంటూ కూర్చున్నాను. ఎన్ని విడిపోతే ఒక మనిషి తయారవుతుందో. ఆ పొర పడేనాటికి పిండం ఆడదో మగదో కూడా తేలదట. అంటే నా మూలుగకు మొదలు పడ్డనాడు నేనింకా ఎవరికీ దానమియ్యవలసిన బిడ్డను కాను.

మర్నాడు సరళ వెంట బస్సెక్కాను. దవాఖాన కాయితం మీద ఆయన చెయ్యనన్న సంతకం నేనే చేశాను. పరీక్షల్లో నా మూలుగ తమ్మునికి కలిసిందని నడుము బొక్కలోంచి తీశారు. తమ్ముడు బతికాడు. నేను ఇల్లు చేరేసరికి వంటింట్లో అంట్లు అట్లాగే ఉన్నాయి.

నాలుగేండ్లకు మమ్మల్ని కన్న అవ్వ పోయింది. మూడోనాడు కర్మ చేయించే అయ్యగారు, పెండ్లయిన బిడ్డకు మైల ఇంతటితో సరి, స్నానం చేసి పోవచ్చన్నారు. మిగిలిన దినాలు కొడుకువి. తమ్ముడు కాగు దగ్గర నిలబడి, "నీళ్ళు కాగినయక్కా, లే. ఒంటిగంట బస్సు దొరుకుతది" అన్నాడు.

నేను చాప మీద నుంచి లేవలేదు.

"నీ బొక్కలల్ల ఉన్న నాకు ఎన్ని దినాలు తమ్మీ?" అన్నాను.