గులాబీ రంగు అంగీలు

లాండ్రీలో మిరపకాయ అంటే అందరికీ హడలే. ఇస్త్రీ చేసే ఆ మనిషి నోరు తెరిచిందంటే ఎదుటివాళ్ళ ఏడు తరాలనూ ఉతికి ఆరేస్తుంది. అలాంటిది, ఆదివారం బాప్తిస్మం తీసుకుంటానంటే నవ్వనివాళ్ళు లేరు.

"ఒళ్ళు మునుగుతుంది సరే, ఆ నోరు మునుగుతుందా?" అంది అక్కడే ఉతికే పనిలో ఉన్న ఆమె పెద్ద తోడికోడలు.

శనివారం చర్చి నుంచి బాప్తిస్మానికి వేసుకునే అంగీలు ఉతకడానికి వచ్చాయి. తోడికోడలు చూసుకోకుండా వాటితోపాటు ఒక ఎర్ర చున్నీ కూడా మిషన్‌లో వేసేసింది. బయటికి తీస్తే తెల్ల అంగీలన్నీ గులాబీ రంగు. తమాషా చూద్దామని పనివాళ్ళంతా చుట్టూ మూగారు.

మిరపకాయ వచ్చి చూసింది. మెడనరాలు ఉబ్బాయి. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. తోడికోడలు గోడకు అతుక్కుపోయింది.

"పద అక్కా, మళ్ళీ నానబెడదాం."

ఎవరూ నమ్మలేదు. అందరికంటే ముందు ఆమే నమ్మలేదు. తోడికోడలి భుజాలు పట్టి ఊపేస్తూ గంతులేసింది. "అక్కా, చూశావా? తిట్టలేదు! నేనే!"

"కోపం రాలేదటే?"

"రాకేం, గొంతులో ఇంకా మండుతోంది. కానీ దాని మాట వినలేదు."

పరిశుద్ధత అంటే కోపం రాని బొమ్మైపోవడమని బోధించేవాళ్ళు ఆ ముఖం చూసి ఉండాల్సింది. బుద్ధెరిగాక మొదటిసారి ఆమె తనమీద తానే గెలిచింది. దేవుడు లోపల పని మొదలుపెడితే మనిషి అలాగే గంతులేస్తుంది.

ఎంత నానబెట్టినా రంగు పూర్తిగా వదల్లేదు. ఆదివారం ఆమె ఆ అంగీతోనే అందరికంటే ముందు నీళ్ళలోకి దిగింది. పొడిబట్టలు పట్టుకుని తోడికోడలు గట్టుమీద నిలబడింది.