ఆరో లైనులో నా కాపలా

నేను ఒక రేకు ముక్కని. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, మెడకు ఇనుప తీగ. ఎర్ర రంగు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలతో 'మెన్ ఆన్ లైన్' అని రాశారు. కరెంటు తీగల మీద మనుషులున్నారు, స్విచ్ ముట్టుకోవద్దని దాని అర్థం. పెయింటరు మొదట 'ఎల్, ఎ, ఐ, ఎన్' అని పెడితే, ఇంజనీరుగారు నవ్వి 'ఎల్, ఐ, ఎన్, ఇ' అని దిద్దించారు. ఆ చివరి 'ఇ' ఎందుకో నాకీనాటికీ తెలియదు. దాన్ని ఎవరూ పలకరు. పంక్తి చివర పలకరించే దిక్కులేని చుట్టంలా కూర్చుని ఉంటుంది, పాపం.

నన్ను లైన్‌మన్ మస్తాన్‌వలీకిచ్చారు. మాది గుంటూరు. ఇక్కడ వీధినే లైనంటారు. ఆరో లైను ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే రోశమ్మ ఇడ్లీ బండి. పొద్దున్నే జనం లైను కడతారు. "వరసన రండయ్యా, ఇడ్లీలు ఎక్కడికీ పారిపోవు!" అని ఆమె గరిటె ఊపుతుంది. ఒకాయన ఫోనులో "లైను కట్టయింది" అని అరుస్తాడు. ఎదురు మేడ మీది పిల్లను చూస్తూ రెండు ఇడ్లీలు గంటసేపు తినే కుర్రాడితో "ముందు తిను నాయనా, లైను తర్వాత వేద్దువుగాని" అంటుందామె. మనుషులు ఒక్క మాట చేత ఎన్ని చాకిరీలు చేయిస్తారో!

రోశమ్మకు చదువు రాదు.

మొన్న ఎండల్లో మస్తాన్‌వలీ కరెంటు ఆపి, నన్ను స్విచ్ హ్యాండిల్‌కి కట్టి, వీధి చివరి స్తంభమెక్కాడు. హ్యాండిల్ తాళం పాడై వారమైంది. ఒక్క విసురు గాలి వచ్చింది. నా తీగ ఊడి, కాలవ పక్కన బోర్లా పడ్డాను. అరవడానికి నాకు నోరేది?

అంతలో ఐస్‌క్రీం కొట్టు నాగభూషణం గొంతు వినిపించింది. "గంట నుంచీ కరెంటు లేదు. సరుకంతా నీళ్లయిపోతోంది. నేనే వేసేస్తా."

"చెయ్యి తియ్ భూషణం! పైన మనిషున్నాడు," అంది రోశమ్మ.

"ఉంటే బోర్డుండాలిగా మామ్మా? ఏదీ?"

"బోర్డు సంగతి నాకు తెలీదు. వాడు ఎక్కడం చూశా, దిగడం చూళ్లేదు."

"ఎప్పుడో దిగిపోయుంటాడు. నువ్వు నీ పిండి చూసుకో."

రోశమ్మ పిండి చేతులతోనే హ్యాండిల్‌ను వాటేసుకుంది. "లాగు. నన్ను కూడా కలిపి లాగు, చూద్దాం!"

ఇడ్లీలు తింటున్న ఒకాయన వీధి చివరికి పరిగెత్తాడు. అక్కడి నుంచే కేక వేశాడు: "పైనే ఉన్నాడు! తీగ చేత్తో పట్టుకునే ఉన్నాడు!"

నాగభూషణం హ్యాండిల్ వదిలేశాడు. రోశమ్మ నన్ను ఎత్తి కొంగుతో తుడిచింది. అతనే నన్ను మళ్లీ హ్యాండిల్‌కి కట్టాడు.

ఆ హ్యాండిల్‌కి ఇప్పుడు కొత్త తాళం, కొత్త బోర్డు వచ్చాయి. మస్తాన్‌వలీ నన్ను మాత్రం ఆఫీసుకి తిరిగి ఇవ్వలేదు. పని ఉన్నప్పుడల్లా తెచ్చి రోశమ్మ చేతిలో పెడతాడు.

"ఎక్కుతున్నా మామ్మా."

"ఎక్కు నాయనా, నేనున్నాగా."

ఆమె పొయ్యి తగ్గించి, నన్ను ఒళ్లో పెట్టుకుని, స్తంభం వైపే చూస్తూ కూర్చుంటుంది. తలకిందులుగా పట్టుకుంటుంది లెండి, నాకేం బాధ లేదు. ఇప్పుడూ ఆ ఒళ్లోనే ఉన్నాను. ఇడ్లీలకొచ్చిన వాళ్లు తొందరపడుతున్నారు.

"కాస్త ఆగండయ్యా," అంటోంది రోశమ్మ. "వాడింకా దిగలేదు."