పిల్లతో విడిగా

శిశు సంక్షేమ ఆఫీసులో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవారు. కన్నవాళ్ళ దగ్గర ఉండే వీలులేని పిల్లలను కొంతకాలం ఎవరింట్లోనైనా ఉంచాల్సి వస్తే మొదట గుర్తొచ్చేది ఆమె ఇల్లే. ఇల్లు అద్దంలా ఉండేది. ఆమె గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆ ఇంట్లో పడ్డ పిల్ల పెట్టి పుట్టిందని పై అధికారి నుంచి డ్రైవరు దాకా అదే పాట.

కొత్తగా వచ్చిన కేసు వర్కరు కూడా ఆ మాటే నమ్మింది. పాత వర్కరుకు బదిలీ కావడంతో పిచ్చుక కేసు ఆమె చేతికి వచ్చింది. పిచ్చుక అన్నది తల్లి పెట్టుకున్న ముద్దుపేరు, ఆ పిల్లకు ఏడేళ్ళు. తల్లి రాత్రి పనికి వెళ్తూ బిడ్డను ఒంటరిగా వదిలేసేది. ఒకరోజు స్టవ్ మీదున్న గుడ్డ అంటుకుని పొగ వీధిలోకొచ్చింది. అలా పిల్ల పెద్దమ్మ ఇంటికి చేరింది. ఇప్పుడు తల్లి బట్టలుతికే షాపులో పగటి పనికి కుదిరింది, వేరే గది చూసుకుంది, చెప్పిందల్లా చేసింది. ఇక పిల్లను తల్లికి అప్పజెప్పే ప్రణాళిక రాయాలి. అది రాసేముందు వర్కరు పిల్లతో విడిగా మాట్లాడాలి, పిల్ల పడుకునే చోటు కళ్ళారా చూడాలి. నియమం అది.

పెద్దమ్మ ఇంటికి బయల్దేరే ముందు తల్లి వర్కరును ఆఫీసు మెట్ల దగ్గర ఆపింది.

"పోయినసారి చూడ్డానికెళ్తే నా దగ్గరికే రాలేదమ్మా. బిస్కెట్టు చేతిలో పెడితే ముందు ఆవిడ మొహం చూసి తింది. నా బిడ్డకి నామీద కోపముంటే ఉండనీ, పడతాను. కానీ అది కోపం కాదు."

వర్కరు ఆమె భుజం తట్టి, తప్పు చేసిన తల్లికి అనుమానాలు సహజమేలే అనుకుని బయల్దేరింది.

పెద్దమ్మ నవ్వుతూ తలుపు తీసింది. పిచ్చుక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కూర్చోమంటే పెద్దమ్మ వైపు చూసింది. ఆమె తలాడించాక సోఫా అంచున కూర్చుంది.

"అమ్మ దగ్గరికి వెళ్తావా?"

"వద్దండీ. అక్కడ నాకు భద్రత లేదు. ఇక్కడ నేను సంతోషంగా ఉన్నాను."

ఏడేళ్ళ పిల్ల నోట భద్రత అన్న మాట వినగానే వర్కరుకు తినే అన్నంలో రాయి తగిలినట్టయింది. "మేమిద్దరం విడిగా మాట్లాడుకోవాలండీ" అంది.

"మా మధ్య దాపరికాలేముంటాయి" అంటూనే పెద్దమ్మ లేచి పక్కగదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. తలుపు కింది సందులో ఆమె నీడ మాత్రం కదల్లేదు.

వర్కరు ఆ నీడనే చూస్తూ, "నీ గది చూపించవూ" అంది.

పిల్ల మేడ మీదికి తీసుకెళ్ళింది. గులాబీ రంగు పరదాలు, నలగని దుప్పటి, వరసగా బొమ్మలు. పరదాలు వేసి ఉండటంతో గది చీకటిగా ఉంది. "లైటు వెయ్యమ్మా" అంది వర్కరు. పిల్ల అరచెయ్యి ఎడమ గోడంతా తడిమింది. స్విచ్ కుడివైపు ఉంది.

వర్కరు మోకాళ్ళ మీద కూర్చుని గొంతు తగ్గించింది. "ఈ బొమ్మతో ఆడుకుంటావా?"

"ముట్టుకోకూడదు."

"మరి నువ్వు పడుకునేదెక్కడ?"

పిల్ల మెట్ల వైపు చూసింది. కింద నుంచి మెత్తటి గొంతు వినిపించింది. "టీ చల్లారిపోతోందండీ."

దిగేటప్పుడు వర్కరు పిల్ల చెయ్యి వదల్లేదు. మెట్ల కింద చిన్న తలుపు ఉంది. దాని పక్కగా నడవాల్సి వచ్చేసరికి పిల్ల ఊపిరి బిగబట్టి ఆమె కొంగు చాటుకు వచ్చేసింది. తలుపుకు బయటి నుంచి గడియ ఉంది. రోజూ వాడి వాడి నున్నగా మెరుస్తోంది.

"పాత సామాను గది" అంది పెద్దమ్మ, టీ కప్పుతో ఎదురొచ్చి. "తాళం ఎక్కడో పోయింది."

"గడియకు తాళంతో పనేముందండీ" అని వర్కరు తీసేసింది.

లోపల ఒక గోనెపట్టా, ఒక బకెట్టు. కిటికీ లేదు. తలుపు లోపలివైపు రంగంతా గోళ్ళతో గీరి ఉంది. కొన్ని గీతలు పిచ్చుక ఎత్తులో ఉన్నాయి. ఇంకొన్ని చాలా పైన, పాతబడి ఉన్నాయి.

పెద్దమ్మ కప్పులో టీ చుక్క కూడా ఒలకనివ్వలేదు. "మొండి పిల్లలకి కాస్త భయముండాలి. మీకు పిల్లలున్నారా?"

వర్కరు అక్కడే నిలబడి అధికారికి ఫోన్ చేసింది.

"సోమవారం మీటింగులో చూద్దాం. ఇన్నేళ్ళలో ఆవిడ మీద ఒక్క ఫిర్యాదు లేదు" అన్నాడాయన.

"ఎలా వస్తుంది సార్? మనం పిల్లల్ని అడిగిందంతా ఆవిడ ముందేగా."

"ఆర్డరు లేకుండా పిల్లను గడప దాటించకు. నీ ఉద్యోగానికే ముప్పు."

"దాటించను. నేనూ దాటను. ఆర్డరు పట్టుకుని మీరే రండి, పోలీసుల్ని తీసుకుని."

పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని సోఫాలో కూర్చుంది. పెద్దమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని, పళ్ళెంలో బీన్స్ పోసుకుని తుంచసాగింది. ఒక్కోటి టప్పున విరిగేది. ఎంతోసేపటికి తలెత్తకుండానే అంది.

"ఎవరూ రాకపోతే మీరు ఇంటికెళ్ళాలిగా. తను ఇక్కడే ఉంటుంది."

పిచ్చుక గోళ్ళు వర్కరు మణికట్టులో దిగాయి. వర్కరు చెయ్యి లాక్కోలేదు. అధికారి వస్తాడో రాడో ఆమెకూ తెలియదు.

పొద్దు వాలుతుండగా ఆయన వచ్చాడు, వెంట ఒక మహిళా పోలీసుతో. విసుక్కుంటూనే మెట్ల కిందికి వంగి చూశాడు. లేచేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పిల్లను కార్లో కూర్చోబెట్టు" అని మాత్రం అన్నాడు.

కోర్టు పిచ్చుకను తల్లికి అప్పజెప్పాక, తల్లి ఉండే ఒంటిగది ఇంట్లో వర్కరు కొత్త ప్రణాళిక రాయడానికి కూర్చుంది. తల్లి అడక్కుండానే గుమ్మం బయటికెళ్ళి నిలబడింది. స్కూలు గురించీ డాక్టరు గురించీ అయ్యాక, "నువ్వేమైనా చెప్తావా?" అని వర్కరు అడిగింది.

పిల్ల ఆమె రాస్తున్న కాగితం మీద వేలు పెట్టింది.

"అక్కని కూడా రాయండి."

"ఏ అక్క?"

"నాకంటే ముందు ఆ గదిలో ఉండేది. నేను వచ్చాక ఒక్కరోజే ఉంది. మాట వినలేదని పెద్దమ్మ ఎక్కడికో తీసుకెళ్ళింది. పెద్దమ్మ ఒక్కతే వచ్చింది."

వర్కరు అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకెళ్ళింది. అప్పట్లో ఆ పెద్దపిల్ల పారిపోయిందని పెద్దమ్మ చెప్తే, అందరూ సరేనన్నారట. వెతకమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పోలీసులు ఇప్పుడు అడుగుతుంటే పెద్దమ్మ అదే మెత్తటి గొంతుతో, పారిపోయిందండీ, అంటోంది. ఆ ఇంటి వెనక దొడ్లో తవ్వకం రేపు మొదలుపెడతామని వాళ్ళు వర్కరుకు కబురు చేశారు.