కదలని సంచార గ్రంథాలయం

సంచార గ్రంథాలయం బండి నడిపే ఆయనను అందరూ నిదానం బాబాయ్ అంటారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఎవరినీ దాటి ముందుకు వెళ్లిన పాపాన పోలేదు, సైకిళ్లతో సహా. బండి వెనక పదిహేను వందల పుస్తకాలు, పక్క సీట్లో లైబ్రేరియన్. ఆమెకు నలభై దాటాయి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన పక్కనే కూర్చుంటోంది కనుక గంటకు ముప్పై కిలోమీటర్లు మించిన వేగంతో ఆమెకు పరిచయం లేదు.

అలాంటి బండి ఒక మంగళవారం ఉదయం వంతెన దిగుతూ దిగుతూ తనంతట తాను ఆగిపోయింది. నాలుగు చక్రాలూ ఒక్కసారిగా పట్టేసుకున్నాయి. టైర్లు కీచుమన్నాయి. వెనక అరల్లోంచి పుస్తకాలు బిలబిలా రాలాయి. బాబాయ్ రెండు కాళ్లూ పైకెత్తి చూపించాడు.

"చూడమ్మా! నా కాలు బ్రేకు మీద లేదు. నువ్వే సాక్ష్యం."

"చూశాను బాబాయ్. ముందు కాళ్లు దించు."

పావుగంట తర్వాత బండి ఏమీ ఎరగనట్టు కదిలింది. ఆ వారంలో ఇంకో రెండుసార్లు అదే వరస. మూడోసారి వెనకనుంచి వస్తున్న పాలవ్యాను వెంట్రుకవాసిలో తప్పింది. వారంటీ ఇంకా ఏడు నెలలుంది కాబట్టి బండిని కొన్న డీలరు దగ్గరికే తీసుకెళ్లారు.

అక్కడి సర్వీస్ అడ్వైజర్‌ది చెదరని నవ్వు, కుదరని జవాబు.

"రెండ్రోజులు మేడమ్. కంప్యూటర్ తగిలిస్తే అదే చెప్పేస్తుంది."

కంప్యూటర్ నోరు విప్పలేదు. రెండు రోజులు రెండు వారాలయ్యాయి.

"మా వాళ్లు నలభై కిలోమీటర్లు తిప్పారు మేడమ్. ఒక్కసారి కూడా పట్టెయ్యలేదు," అన్నాడు అడ్వైజర్. తర్వాత గొంతు తగ్గించి, "డ్రైవర్ గారు కొంచెం గట్టిగా తొక్కే రకమా?" అని అడిగాడు.

బాబాయ్ పక్కనే ఉన్నాడు. "నన్నా? గట్టిగా తొక్కేవాడా అన్నది నన్నేనా?" ఆయన గొంతు పెంచడం లైబ్రేరియన్ అంతకు ముందెన్నడూ వినలేదు. ఆ మధ్యాహ్నమే ఆయన అలిగి సెలవు పెట్టేశాడు.

ఆమెకు ఆ సదుపాయం కూడా లేకపోయింది. "బండి ఎక్కడుంటే మీ డ్యూటీ అక్కడే," అన్నాడు పై ఆఫీసరు ఫోన్లో. దాంతో రోజూ పదింటికల్లా డీలరు గారి వెయిటింగ్ రూములో కూర్చునేది. చలిపెట్టే గది, సౌండు తీసేసిన టీవీ, కాఫీ తప్ప అన్నీ ఇచ్చే కాఫీ మిషను. పక్క కుర్చీల్లో, గేర్‌బాక్సు కోసం నెలన్నరగా తిరుగుతున్న ఒక కాంట్రాక్టరు, కిటికీ అద్దం పైకి రాని కారుతో ఒక పళ్ల డాక్టరమ్మ.

"మీ దగ్గర చదవడానికేమైనా ఉందా?" అని ఒకరోజు డాక్టరమ్మ అడిగింది. "ఈ కార్ల బ్రోషరు నాకు కంఠతా వచ్చేసింది."

లైబ్రేరియన్ షెడ్డులోకి వెళ్లి, బండి తలుపు తెరిచి, ఒక కథల పుస్తకం తెచ్చిచ్చింది. మర్నాడు కాంట్రాక్టరు లావుపాటి నవల అడిగాడు. "ఎంత లావైనా ఫర్వాలేదండీ. గేర్‌బాక్సు ఇప్పట్లో వచ్చేలా లేదు." ఆ వారాంతానికి ఆమె బండి పక్కన ఒక బల్ల వేసుకుంది. రంగులు కొట్టే మేస్త్రీ చేతులు తుడుచుకుని వచ్చి, ఇంటికి తీసుకెళ్లవచ్చా అని అడిగాడు. కార్ల కింద పడుకున్న మెకానిక్కులు భోజనాల వేళ పుస్తకాలతో బయటికి రావడం మొదలైంది. అడ్వైజర్ నాలుగు భాగాల డిటెక్టివ్ నవల పట్టుకున్నాడు.

"మా బండి సంగతేమైంది?" అని ఆమె అడిగితే, "కంపెనీకి రాశాం మేడమ్, పార్టు రావాలి. అన్నట్టు మూడో భాగం ఎవరి దగ్గరుంది?" అనేవాడు.

నెలాఖరున ఆమె లెక్క పంపింది. మామూలుగా నెలకు రెండొందల పుస్తకాలు దాటేవి కావు. ఈసారి ఆరొందల నలభై. ఆఫీసరు స్వయంగా ఫోన్ చేశాడు.

"మీరు పెట్టిన కొత్త స్టాపు బ్రహ్మాండంగా ఉందండీ!"

"అది స్టాపు కాదు సార్. బండి ఆగిపోయింది."

"నేననేదీ అదే!"

ఏడో వారంలో ఒక ముసలి మెకానిక్ పుస్తకం తిరిగిస్తూ, "మీ బండి బాగై పదకొండు రోజులైందిగా తల్లీ, ఇంకా తీసుకెళ్లలేదేం?" అన్నాడు.

ఆమె నేరుగా అడ్వైజర్ దగ్గరికి వెళ్లింది. ఆయన చేతిలో నాలుగో భాగం ఉంది. మొదటిసారిగా నవ్వు చెదిరింది.

"ఇంకో యాభై పేజీలే మేడమ్..."

"ఇంతకీ బ్రేకులకొచ్చిన రోగమేంటి?"

"తెలీలేదండీ. ఎక్కడుందో తెలీక బ్రేకులకి సంబంధించినవన్నీ మార్చేశారు. ఇక పట్టెయ్యకూడదు."

"పట్టెయ్యకూడదా, పట్టెయ్యవా?"

"పట్టెయ్యకూడదు మేడమ్."

గట్టిగా నాలుగు దులుపుదామనుకుంది. కానీ ఈ పదకొండు రోజుల్లో తను మాత్రం బండి గురించి ఒక్కసారైనా అడిగిందా? పొద్దున రాగానే బల్ల సర్దుకోవడం, ఎవరికేది కావాలో చూడటం. అడగాలన్న సంగతే మరిచిపోయింది.

"సాయంత్రంలోగా పూర్తిచెయ్యండి," అని మాత్రం అంది. "రేపు బాబాయ్‌ని తీసుకొస్తాను."

మర్నాడు బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. అందరూ చూస్తుండగా ఆవరణ చుట్టూ పది చుట్లు తిప్పి, ప్రతి చుట్టుకూ కాలు పైకెత్తి చూపించాడు. గేటు దగ్గర కాంట్రాక్టరు దిగాలుగా నిలబడ్డాడు. ఆయన గేర్‌బాక్సు ఇంకా రాలేదు.

"రేపట్నుంచి మా గతేంటండీ?" అన్నాడు.

వంతెన మీద ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. బండి మెత్తగా దిగింది. తొక్కినప్పుడే ఆగింది. బాబాయ్ ఈల వేశాడు.

పాత స్టాపుల్లో మాత్రం పాత కథే. ఒకచోట ఇద్దరు, ఒకచోట ఎవరూ లేరు, ఇంకోచోట చిరునామా అడగడానికి ఒకాయన. నెలాఖరుకు లెక్క నూట తొంభై. వారం తిరగకుండా ఆఫీసు నుంచి మెమో వచ్చింది. పాఠకుల సంఖ్య హఠాత్తుగా పడిపోవుటకు కారణములు మూడు రోజులలో తెలియజేయవలెను.

ఆమె చాలాసేపు ఆలోచించి, ఉన్నది ఉన్నట్టు రాసింది: "బండి మరమ్మతు పూర్తి అగుట."

పదో రోజున జవాబు వచ్చింది. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు.

"వివరణ ఆమోదించబడినది. ఇకమీదట ఇట్టి పొరపాటు జరగకుండా చూసుకోవలెను."