టీవీ వెనక దుమ్ము

మా ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్లు ఇద్దరు. టీవీ వెనక తుడిచేదాన్ని నేను. ముందువైపు తెరను ఆయన అప్పుడప్పుడు చొక్కా అంచుతో తుడిచి, మెరుపు చూసుకుని మురిసిపోతారు. వెనకవైపు లోకం వేరు. తీగలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటాయి. వాటి మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుంటుంది. తడిగుడ్డ పిండుకుని, బల్ల పక్కనుంచి చెయ్యి దూర్చి, కళ్లతో కాక వేళ్లతో వెతుక్కుంటూ తుడవాలి. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో అలా తుడుస్తుంటే, కేబుల్ బిగించినచోట వేలు తగిలి జిల్లుమంది. పెద్ద దెబ్బేం కాదు. చీమ కుట్టినట్టు మొదలై, మోచేతిదాకా వచ్చి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"షాక్ కొట్టింది," అన్నాను.

"ఎవరికి?" అన్నారు ఆయన, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా.

"నాకు."

"ఈ టీవీ కొని ఇన్నేళ్లయింది, నాకొక్కసారీ కొట్టలేదే! నీకు అన్నిట్లోనూ కరెంటే."

అత్తగారు సన్నగా నవ్వింది. "చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుందిలే అమ్మాయ్. కొత్తచోటు కదా."

ఆ తర్వాత ఇంకా కొన్నిసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా నా చేతికి కాదు, నా బుర్రకే ఏదో అయినట్టు చూశారు. చెప్పడం మానేశాను. పొడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నాను. పొడిగుడ్డకు దుమ్ము సగమే వస్తుంది. "వెనకంతా అలాగే ఉందే," అని అత్తగారు అనేది. జిల్లుమనడం కన్నా ఆ మాట పడటమే తేలిక అనిపించేది.

ఆ బల్ల కిందే అత్తగారి నీలం రబ్బరు చెప్పులు ఉంటాయి. మడమ నొప్పికి డాక్టరు వేసుకోమన్నాడట. ఒకసారి పెరట్లోకి వెళ్లడానికి తొందరలో నేను కాళ్లు దూరిస్తే, "ఇంకొకళ్ల కాళ్లకి సాగిపోతాయమ్మా," అని విప్పించి, తడి తుడిచి, మళ్లీ బల్ల కిందే సర్దింది. ఈ ఇంట్లో ఆవిడ వస్తువులన్నిటికీ చోట్లున్నాయి, నాకే ఇంకా చోటు కుదరలేదు అనుకున్నాను ఆ రోజు.

ఈ ఏడాది మొదట్లో ఒక కేబుల్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఇళ్లకు వెళ్లి కనెక్షన్లు బిగించడం, చెడినవి బాగుచెయ్యడం పని. "మా ఆవిడ ఇప్పుడు నిచ్చెనలెక్కుతోంది, జాగ్రత్తరోయ్," అని ఆయన స్నేహితులతో చెప్పి నవ్వించారు. "ఎక్కడికైనా ఎక్కు, వంట చేసి ఎక్కు," అంది అత్తగారు. వంట చేసే ఎక్కుతున్నాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ మాట మర్చిపొమ్మని సూపర్‌వైజరు మొదటిరోజే చెప్పాడు.

ఆ పని నాకు నచ్చింది. కేబుల్ చివరను సిద్ధం చెయ్యడంలో ఒక లయ ఉంది. పై నల్లటి తొడుగును గుండ్రంగా కోసి లాగితే, కింద జడలా అల్లిన సన్నని తీగల వల కనిపిస్తుంది. ఆ వలను నెమ్మదిగా వెనక్కి మడవాలి; ఒక్క పోగు కూడా మధ్యనున్న రాగితీగకు తగలకూడదు. రాగి చుట్టూ ఉన్న తెల్లటి పొర, చివరకు తొడిగే కనెక్టరు లోపలి అంచుతో సమానంగా వచ్చేదాకా నెట్టాలి, రాగిమొన కాస్తంత బయటికి చూడాలి. అప్పుడు పనిముట్టులో పెట్టి ఒక్క నొక్కు. టక్కుమంటుంది. ఆ చప్పుడుతో ఒక పని పూర్తయినట్టు తెలుస్తుంది. ఇంట్లో నేను చేసే ఏ పనికీ అలాంటి చప్పుడు లేదు.

అయితే కోతకన్నా ముందు, మడతకన్నా ముందు, ఒక నియమం ఉంది: చెయ్యి పెట్టేముందు పెన్ను పెట్టాలి. అది పెన్నులా ఉండే చిన్న టెస్టరు. దగ్గరికి చేరిస్తే చాలు, కరెంటున్నచోట ఎర్రగా వెలిగి కూస్తుంది. ఊరి నిండా ఎవరెవరి ఇళ్లలోనో, ఎవరెవరి గోడల మీదో ఆ పెన్ను పెట్టాను. మా ఇంట్లో మాత్రం పెట్టలేదు. సాయంత్రం గుమ్మం దాటగానే సంచి తలుపు వెనక మేకుకు తగిలించేదాన్ని, దానితోపాటు నాలోని టెక్నీషియన్ని కూడా. పెన్ను వెలిగితే, ఆ సంగతి వాళ్లకు చెప్పాలి. వెలగకపోతే, నన్ను నేను నమ్మడం మానెయ్యాలి. రెండింట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేక, పెన్నును సంచిలోనే ఉంచాను.

ఆ రోజు మధ్యాహ్నం వెళ్లిన ఇల్లు మేడ మీద వాటా. టీవీలో బొమ్మ చదరాలు చదరాలుగా విరిగిపోతోందని ఫిర్యాదు. తలుపు తీసిన పెద్దమనిషి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని మెట్లవైపు తొంగిచూశాడు.

"మగవాళ్లెవరూ ఖాళీ లేరా?"

"పని నాదేనండి."

"సరే, త్వరగా కానివ్వు. సాయంత్రం మ్యాచ్ ఉంది."

నేను టీవీ వెనక్కి వంగి పెన్ను బయటికి తీశాను. "నాడి చూస్తున్నావేంటి, దానికేమన్నా జ్వరమా?" అని ఆయన తన జోకుకు తనే నవ్వుకున్నాడు. కనెక్టరు దగ్గరికి చేర్చగానే పెన్ను కూసింది.

వంటింటి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. అప్పటిదాకా ఆవిడ ఉన్నట్టే తెలియలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, గొంతు బాగా తగ్గించి, "వెనక తుడిచేటప్పుడు జిల్లుమంటుందమ్మా," అంది.

"మొదలెట్టింది!" అన్నాడు పెద్దమనిషి. "దీనికి తలుపు గొళ్లెం ముట్టుకున్నా జిల్లుమంటుంది. నువ్వు బొమ్మ సంగతి చూడు."

"నేను చెప్పులేసుకుని తుడుస్తున్నాను ఇప్పుడు," అంది ఆవిడ, ఆయన మాట వినపడనట్టే. తన కాళ్లవైపు చూపించింది. "రబ్బరువైతే అంతగా తెలీదు."

పెన్ను ఒక్కోసారి ఊరికే కూస్తుంది. అందుకే గ్లవ్స్ తొడుక్కుని మీటరు తీశాను. ఒక మొన కేబుల్ కనెక్టరుకు, రెండో మొన గోడ సాకెట్లో ఎర్త్ రంధ్రానికి. అంకె తొంభై వోల్టుల దగ్గర ఆగింది. కేబుల్ లోపలి అల్లిక ఉన్నది బయటి సిగ్నళ్ల గోలను లోపలికి రానివ్వకుండా కాయడానికి. ఇంట్లో ఏదో పరికరం నుంచి కారిన కరెంటుకు నేలలోకి దిగే దారి లేకపోతే, అది ఆ అల్లిక మీదికి వచ్చి కూర్చుంటుంది. ముట్టుకున్న మనిషే దానికి దారి. అలాంటిచోట పని ఆపాలి, కేబుల్ విడదియ్యాలి, ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా తిరిగి కలపకూడదు. అది మా రెండో నియమం.

టీవీ ప్లగ్గు తీసేసి, పాత కనెక్టరు విప్పాను. పట్టకారుతో ఎవరో నలిపేసిన ముడి. అల్లిక పోగులు రాగిని తాకుతున్నాయి. బొమ్మ విరగడానికి కారణం అదే. కొత్త చివర చేశాను, ఎక్కడా తొందరపడకుండా. టక్కుమంది. తరువాత ఆ చివరను టీవీకి కలపకుండా, మూత బిగించి గోడపక్కన పెట్టాను.

"అదేంటి? చేసి కలపకపోవడమేంటి?"

"కలపకూడదండి. ఇంట్లో కరెంటు లీకవుతోంది. ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి."

ఆయన సూపర్‌వైజరుకు ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి వచ్చి ఉన్న కనెక్షన్ కూడా పీకేసిందని చెప్పాడు. కాసేపటికి ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఏంటమ్మా ఇది? బొమ్మ రావట్లేదనే కదా కంప్లైంటు? బొమ్మ తెప్పించేసి వచ్చెయ్."

"కేబుల్ అల్లిక మీద కరెంటుంది సార్. తొంభై చూపిస్తోంది."

"ఎంతో కొంత అన్ని ఇళ్లలోనూ ఉంటుందిలే. నీ సంగతి ఇంకా పర్మనెంటు కాలేదు, అది గుర్తుపెట్టుకో."

గుర్తుంది. పొద్దున్న గిన్నెలు తోముతున్నప్పుడు గుర్తుంది, బస్సులో గుర్తుంది, మేడ మెట్లెక్కుతున్నప్పుడు గుర్తుంది. అయినా ఆ నిమిషంలో నా కళ్లకు కనిపించింది ఉద్యోగం కాదు. గుమ్మంలో నిలబడ్డ ఆవిడ చేతులు. ఇంకా తడిగానే ఉన్నాయి.

"సార్, అయితే మీరొచ్చి బిగించండి. నేను పక్కన నిలబడి చూస్తాను."

వేరెవరి చెయ్యో పెట్టమన్నంతవరకూ అది కొంచెం కరెంటే. తన చెయ్యి పెట్టాల్సి వచ్చేసరికి ఎంతని ఆలోచించాలి కదా.

"వదిలేసి రా," అన్నాడు చివరికి. "ఎలక్ట్రీషియన్‌ని పిలిపించుకోమని చెప్పు. రేపు ఆఫీసులో మాట్లాడుకుందాం."

సంచి సర్దుకుంటుంటే ఆవిడ దగ్గరికి వచ్చింది. "నిజంగానే ఉందా అమ్మా?"

"ఉందండి."

"ఎంతన్నావు?"

"తొంభై."

ఆవిడ ఆ అంకెను పెదవులతో ఒకసారి చప్పుడు లేకుండా పలికి చూసుకుంది. "ఆయనకి వినపడేలా ఇంకోసారి చెప్పవా?"

చెప్పాను. హాలంతా వినపడేలా చెప్పాను. నా గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

బస్సులో కూర్చున్నాక ఆవిడను తలుచుకోలేదు, రేపటి ఆఫీసునూ తలుచుకోలేదు. మా ఇంట్లో ఆ బల్ల వెనక చీకటినే తలుచుకున్నాను. పరాయి ఇంటావిడ ఒక్కసారి చెప్పగానే నమ్మాను. మీటరు కూడా తీశాను. నా మాట నేను ఎన్నిసార్లు చెప్పుకుంటే నమ్మానని?

ఇల్లు చేరేసరికి ఆయన సోఫాలో ఉన్నారు, అత్తగారు తన కుర్చీలో. తెర మీద ఎవరో ఏడుస్తున్నారు. సంచిని మేకుకు తగిలించలేదు. చేత్తో పట్టుకునే టీవీ దగ్గరికి వెళ్లి, వెనక్కి వంగి, పెన్ను పెట్టాను.

కూసింది.

"ఏంటా గోల?" అన్నారు ఆయన.

"ఇక్కడ కరెంటుంది. నేను చెప్తూ వచ్చింది ఇదే."

"ఆ పెన్ను నీలాంటిదే. ముట్టుకోకుండానే అరుస్తుంది."

తీగ వెంట చూపు పోనిచ్చాను. టీవీ ప్లగ్గుకు ఉండాల్సిన మూడు పుల్లల్లో ఎర్త్ పుల్ల లేదు; మొదలంటా కోసేసి ఉంది. సాకెట్లో పట్టకపోతే రంపంతో కోసి ఎలా పట్టించిందీ ఆయన చుట్టాలకు చెప్పుకుంటుంటే నేనూ విన్నాను. అప్పుడు అందరూ భలే తెలివన్నారు. అప్పటికి నాకు ఎర్త్ అంటే ఏమిటో తెలియదు.

వంటింట్లోకి వెళ్లి తడిగుడ్డ పిండి తెచ్చాను. ఒక చెయ్యి స్విచ్చి మీద ఉంచాను, ఆయన వంగగానే ఆర్పెయ్యడానికి. రెండో చేత్తో గుడ్డ చాచాను.

"ఏమీ లేదంటున్నారుగా. ఈ పూటకి వెనకవైపు మీరు తుడవండి."

ఆయన నవ్వుతూనే లేచారు. "దీనికింత నాటకమా? ఇలా ఇవ్వు." గుడ్డ అందుకున్నారు. ఆ నవ్వులో అబద్ధం లేదు. ఆయనకు నిజంగానే తెలియదు. ఎన్నడూ తుడవని మనిషికి ఎలా తెలుస్తుంది? వట్టికాళ్లతో బల్ల పక్కకు వెళ్లి వంగబోయారు.

"ఒరేయ్, ఆగు! ముట్టుకోకు!"

కేక పెట్టింది అత్తగారు. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో లేచింది, మడమ నొప్పి మాట మరిచిపోయి. బల్ల కింద నీలం చెప్పులను కాలితో ఆయనవైపు తోసింది. "ముందు ఇవి తొడుక్కో. అక్కడ జిల్లుమంటుంది."

నేను స్విచ్చి ఆర్పేశాను. తెర మీది ఏడుపు ఆగిపోయింది.

ఆయన వాళ్లమ్మను చూశారు, నన్ను చూశారు, కింద చెప్పులను చూశారు. ఆ చెప్పులు ఆయన పాదాలకు చాలా చిన్నవి. నాకైతే సరిగ్గా సరిపోతాయి. ఒకసారి వేసుకున్నాను కదా.

"నేనూ చెప్పానమ్మా, మొదట్లో," అంది అత్తగారు నావైపు చూడకుండా. "మీ మామగారికి. నువ్వు రాకముందు అదంతా నేనే తుడిచేదాన్ని."

ప్లగ్గు ఊడదీసి, పుల్ల తెగిన వైపు పైకి కనిపించేలా బల్ల మీద పెట్టాను. కనెక్టరు విప్పి, సంచిలోంచి మూత తీసి కేబుల్ చివరకు బిగించాను, మధ్యాహ్నం ఆ ఇంట్లో బిగించినట్టే. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ వేసేదాకా దీన్ని ఎవరూ కలపకూడదని చెప్పాను. అదే గొంతుతో చెప్పాను. రేపు ఆఫీసులో కూడా ఆ గొంతుతోనే మాట్లాడాలనుకున్నాను.

ఆయన ఇంకా బల్ల పక్కనే నిలబడి ఉన్నారు. గుడ్డలోని నీళ్లు ఒక్కో చుక్కే ఆయన పాదాల మీద పడుతున్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియక, దాన్ని నావైపు చాచారు.

నేను తీసుకోలేదు.