చేతులతో చెప్పిన పాఠం

నవ్యశ్రీ మైకు ఆన్ చేసిన మొదటిరోజే క్లాసంతా నవ్వింది. ఆమె గొంతు కన్నా ముందు మరమగ్గాల మోత వచ్చి పడింది అందరి ఫోన్లలోకి.

"గిదేందిరా, రైలు గూడ క్లాసుకొచ్చింది" అన్నాడొకడు.

"మ్యూట్ చెయ్ నవ్యా" అంది లెక్కల టీచరు మమతారాణి, కరీంనగర్‌లో తన ఇంటి తెల్లగోడ ముందు కూర్చుని. ఆ పిల్ల మళ్లీ మైకు ముట్టలేదు.

కరోనాకు బడులు మూతపడిన ఏడాది అది. సిరిసిల్లలోని ఆ బడి పిల్లల్లో చాలామందివి కార్ఖానా ఇళ్లు. ముందు గదిలో సంసారం, వెనక గదిలో సాంచాలు, అంటే మరమగ్గాలు. పదో తరగతి నవ్యశ్రీ పాఠం వినాలంటే ఫోను పట్టుకుని డాబా ఎక్కాలి. అక్కడ ఎండ. సిగ్నలు వచ్చినట్టే వచ్చి పోయేది. సమీకరణం సగంలో టీచరు ముఖం బిగుసుకుపోయేది. పిల్ల వెనకబడిపోతోందని మమతారాణి బాధపడింది. ఆ బాధలో కొంత సుఖముందని కూడా ఆమెకు తెలుసు. ఒకరికి తాను అవసరం కావడంలో ఉన్న మత్తు ఆమె జీవితంలో ఇంకెక్కడా దొరకలేదు.

సాంచాల మధ్య మనుషులు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందన్నా, నూలు చుట్టిన కండె అయిపోయిందన్నా, చాయ్ తాగుదామన్నా సైగే. వాటిని మమతారాణి వీడియో కాల్‌లో నవ్యశ్రీ దగ్గరే నేర్చుకుంది. తెగిన పోగు సైగను తీసివేతకు పెట్టింది, ముడి సైగను కూడికకు. పెద్ద అక్షరాలు రాసి, చేతులు కదిలిస్తూ, గొంతు అక్కర్లేని పాఠాలు తయారుచేసింది. మొదటిది పంపుతూ, 'ఇక నవ్య డాబా ఎక్కే పనే లేదు' అని మురిసిపోతూ మెసేజ్ పెట్టింది. ఆ ఫోను పిల్ల తండ్రి అంబదాస్‌ది, మెసేజ్ ముందు చదివేది అతనే.

పాఠాలు పనిచేశాయి. నవ్యశ్రీ లెక్కలన్నీ సరిగ్గా చేసి ఫోటోలు పంపింది. జిల్లా సమావేశంలో ఆ వీడియోను తెర మీద వేసి చప్పట్లు కొట్టారు. మమతారాణి ఇంటికొచ్చి దాన్ని ఒంటరిగా ఇంకోసారి చూసుకుంది.

ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు బడి తెరిచారు. బలవంతమేమీ లేదు, ఇష్టమైతేనే రావచ్చన్నారు. నవ్యశ్రీ రాలేదు. కొన్నాళ్లు చూసి మమతారాణి వాళ్లింటికి వెళ్లింది.

"రాండ్రి మేడం, రాండ్రి. ఏ చంద్రవ్వా, చాయ్ పెట్టు. లెక్కల మేడం వచ్చింది" అని భార్యను కేకేస్తూ అంబదాస్ ఎదురొచ్చి వెనక గది చూపించాడు.

నవ్యశ్రీ కండెలు చుట్టే మిషన్ ముందు నిలబడి ఉంది. ఎదురుగా మేకుకు కట్టిన ఫోనులో మమతారాణి చేతులు ఆడుతున్నాయి. పిల్ల చేతులు నిండిన కండె తీసి ఖాళీది పెడుతున్నాయి. చూపు ఒకసారి నూలు మీద, ఒకసారి తెర మీద.

"అంత మీ పుణ్యమే మేడం" మోత మీద అరిచాడు అంబదాస్. "ఇదివరకు పాఠమంటే డాబా ఎక్కేది, కండెలు ఆగిపోయేటివి. ఇప్పుడు గదీ నడుస్తుంది, గిదీ నడుస్తుంది. మస్తు తెలివి జేసిండ్రు."

ఆ మాటల్లో వెటకారం కోసం వెతికింది మమతారాణి. ఉంటే కోపం తెచ్చుకుని తప్పించుకునేది. లేదు.

"బడి తెరిచినం గదా అన్నా. పంపుండ్రి."

"ఎందుకు మేడం? బడిని మీరే ఇంటికి తెచ్చిస్తిరి. గాడికొస్తే కొత్తగ ఏమొస్తది?"

వాకిట్లోకొచ్చి కూర్చున్న ఆమెకు చాయ్ అందించడానికి నవ్యశ్రీ వచ్చింది.

"డాబా మీద నీకు పాఠం అర్థమయ్యేదా నవ్యా?"

"ఏడ మేడం. ఒక్క ముక్క గూడ కాకపోతుండె."

"మరి?"

పిల్ల నవ్వింది. "ఉత్తగ కూసుంటుంటి మేడం. గంతే."

తిరుగు బస్సులో మమతారాణి కళ్లు మూసుకుంది. పాఠానికి ఉన్న అడ్డంకులన్నీ ఒక్కొక్కటే తీసేశాననుకుంది. పని నుంచి లేచిపోవడానికి ఆ పిల్లకున్న ఒకే ఒక్క సాకు వాటిలోనే ఉందని అప్పుడు తెలియలేదు. వినపడుతోందా అని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఆ ప్రశ్న దాటి ఏమీ అడగలేదు.

మరుసటి రోజు చేతులు ఒడిలో పెట్టుకుని, పాఠమంతా గొంతుతోనే చెప్పి పంపింది. మోతలో వినపడకపోతే అంబదాస్ పిల్లను పని నుంచి వదలక తప్పదని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆ మాట పూర్తిగా నిజం కాదు. మేకుకు వేలాడిన తన చేతులను ఆమె చూడలేకపోతోంది. 'మేడం, చేతులతో చెప్పుండ్రి' అని మిగతా కార్ఖానా ఇళ్ల పిల్లలు మెసేజ్‌లు పెట్టారు. జవాబివ్వలేదు.

కొద్దిరోజులకు చంద్రవ్వ ఫోన్ చేసింది. "మేడం, ఈ నడుమ మీ చేతులు కనవడ్తలెవ్వట?"

"అవునక్కా, ఇగ గొంతుతోనే. మోతల వినరాదు. బడికన్నా పంపు, డాబా మీదికన్నా పంపు."

"ఎట్ల పంపుదు మేడం? వాళ్ల బాపు ఇంకో మిషన్ గూడ పిల్లకే అప్పజెప్పిండు. పాఠం వినరాకపోయేసరికి ఫోను తీసి తమ్మునికిచ్చింది. వాడు ఆటలాడుకుంటుండు."

"మళ్ల చేతులతోనే చేసి పంపుత అక్కా. ఇయ్యాలనే."

"వద్దు మేడం, పిల్లనే వద్దన్నది. సూపు అటు పోతే పోగులు తెగుతున్నయట, బాపు కోపం జేస్తుండట. మీరేం ఫికర్ జెయ్యకుండ్రి." చంద్రవ్వ గొంతులో నిజమైన కృతజ్ఞత ఉంది. "మా పిల్ల కోసం మీలెక్క ఎవ్వరు కష్టపడలే మేడం."

పొగడ్తకు ఇచ్చే జవాబు అలవాటుగా మమతారాణి నోట్లోంచి వచ్చేసింది.

"అయ్యో, నాదేముందక్కా."