చూద్దాం అన్న మాట

ఆపరేషన్ తట్టుకుంటారా లేదా అన్నది ఆ పూట తేలాలి. పెద్దాయన మంచం పక్కన, డాక్టరమ్మ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆయన బతకాలి. ముప్పై ఏళ్లు ఆయన దగ్గర గుమాస్తాగా ఉన్నవాడికి ఇంకో కోరిక ఏముంటుంది?

ఒక్క గదిలో బ్యాంకు పెట్టి, ఆ తర్వాత నూలుమిల్లు కట్టి, ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టిన మనిషి. ఎవరికీ ‘లేదు’ అని చెప్పి ఎరగరు. ఇష్టం లేకపోతే మెత్తగా ‘చూద్దాం’ అనేవారు. ఆ మాట వినగానే నేను అర్జీ తీసుకెళ్లి బల్ల కింది అరలో పడేసి తాళం వేసేవాణ్ణి. అందులోకి వెళ్లిన కాగితం మళ్లీ వెలుగు చూసిన పాపాన పోలేదు.

ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మింది ఒక్కతే, మిల్లులో నూలు చుట్టే ఆవిడ. ఆమె కోడలు కాన్పుకి వెళ్తూ దారిలోనే బిడ్డతో సహా పోయింది. మిల్లు పక్కన ఆసుపత్రి కట్టించమని అర్జీ పట్టుకుని వచ్చింది. పెద్దాయన అలవాటు కొద్దీ ‘చూద్దాం’ అన్నారు. నేనూ అలవాటు కొద్దీ తాళం వేశాను.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ ప్రత్యక్షమైంది. వాళ్ల వీధంతా ఊడ్చి, ఆయనకు కుర్చీ వేసి, జనం కాచుకుని ఉన్నారట.

“చూద్దాం అన్నారుగా అన్నా. ఎన్నింటికి వస్తారు?” అని అడిగింది.

నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికెళ్లి చెప్పాను. పెద్దాయన ముఖం చిన్నబోయింది. కాసేపటికి చెప్పులు వేసుకుని ఆమె వెంట నడిచారు. ఆ గతుకుల దారినీ, అటక మీద పెట్టేసిన కొత్త ఉయ్యాలనూ చూసి వచ్చారు. రెండేళ్లకు ఈ ఆసుపత్రి లేచింది. ఆమెకు ఇందులోనే ఆయా పని ఇచ్చారు. కింది అర మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒక్క దెబ్బతో మారిపోవడానికి మనుషులు అంత తేలికా?

డాక్టరమ్మ వచ్చి రిపోర్టులు తిరగేసింది. కళ్లజోడు తీసి, మెత్తగా “చూద్దాం” అని వెళ్లిపోయింది.

పెద్దాయన నా వైపు తిరిగి, “నా కాగితం కింది అరలో పెట్టెయ్యవోయ్” అన్నారు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

దుప్పటి సర్దుతున్న ఆయా ఆయన్ని కోప్పడింది.

“అవేం మాటలు బాబుగారూ. చూద్దాం అన్నారుగా, చూస్తారు.”

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, నిశ్చింతగా కళ్లు మూసుకున్నారు. నాకూ ఆమెలా నమ్మాలనే ఉంది. కానీ ఆ అర తాళంచెవి ముప్పై ఏళ్లుగా నా జేబులోనే ఉంది.